మీ ఎస్టీపీని (మురుగునీటి శుద్ధి ప్లాంటును) ముంచింది టెక్నాలజీ కాదు, ఆ ఒక్క ట్యాంకు!

మురుగు శుద్ధికి ఎంబీబీఆర్ టెక్నాలజీయా, ఎస్బీఆరా, ఎంబీఆరా అని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో కొట్టుకుంటున్నారు కదా! కొత్త ప్లాంటు పెట్టి ఏడాది తిరక్కుండానే సెల్లారంతా కంపు, ఫ్లష్‌లో మడ్డి నీళ్ళు. వెంటనే టెక్నాలజీని తిట్టడం. కాదండీ బాబూ! మీ కొంప ముంచింది ఈక్వలైజేషన్ ట్యాంకు, అంటే వచ్చిన మురుగును ముందు ఆపుకుని ప్లాంటుకు సమంగా వదిలే ట్యాంకు.

లెక్క చూడండి. వంద ఫ్లాట్లు, ఇంటికి ఐదుగురు, మనిషికి రోజుకు 135 లీటర్లు. అందులో 80 శాతం మురుగు, అంటే 54 వేల లీటర్లు. 60 కేఎల్‌డీ, అంటే రోజుకు 60 వేల లీటర్ల ప్లాంటు కొన్నారు. 20 గంటలు నడిస్తే గంటకు 3 వేల లీటర్లు. కాగితం మీద బ్రహ్మాండం! కానీ పొద్దున ఆరు నుంచి పది దాకా స్నానాలు, గిన్నెలు, వాషింగ్ మెషీన్లు... గంటకు 7 వేలు దిగుతుంది. 3 వేలు ప్లాంటు తీసుకుంటే మిగతా 4 వేలు? నాలుగు గంటలకు 16 వేల లీటర్లు ఆ ట్యాంకులోనే ఆగాలి. మరి కట్టిందెంత? ఐదారు వేలు! కాంపాక్ట్ అని అమ్మింది దీన్నే. మిగిలిన జాగాలో ఇంకో కారు పార్కింగ్ వచ్చింది మరి.

ఇక ట్యాంకు పొర్లుతుంటే పాపం ఆపరేటర్ ఏం చేస్తాడు? స్టాండ్‌బై పంపు కూడా వేస్తాడు. గంటకు 6 వేలు! గాలి ఊది బ్యాక్టీరియాకు మురుగు తినిపించే ఎయిరేషన్ ట్యాంకులో నీళ్ళు నిలిచే టైమ్ సగమైపోయింది. స్లడ్జ్‌ని, అంటే మడ్డిని, అడుక్కి దింపే ట్యూబ్ సెట్లర్లో నీటి వేగం రెట్టింపై ఆ స్లడ్జ్ పైకి లేచి ఫిల్టర్లోకి పోయింది. ఫిల్టర్ పూడుకుని ప్రెషర్ గేజ్ ఎగిరింది, బ్యాక్‌వాష్ కొట్టాడు, అంటే నీళ్ళు వెనక్కి తిప్పి ఫిల్టర్ కడిగాడు. ఆ మురికి నీళ్ళు ఎక్కడికి వెళ్తాయో తెలుసా? అప్పటికే పొర్లుతున్న ఆ ట్యాంకులోకే! ఆఖరికి శుద్ధి లేకుండానే మురుగును బయటికి వదిలే బైపాస్ వాల్వ్ తిప్పేస్తాడు. బీఓడీ (నీటిలో సేంద్రియ మురికి ఎంతుందో చెప్పే కొలత) లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటకూడదని 2019లో ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) చెప్పిన మాట నేరుగా నాలాలో కలిసిపోతుంది.

 

ఎంబీఆర్ పెట్టుకుంటే సరిపోతుందంటారా? ఇంకా ఘోరం. అందులో నీటిని వడకట్టే పలుచని పొర, అదే మెంబ్రేన్, తన హద్దు దాటి నీళ్ళు వదలదు. బలవంతంగా లాగితే పూడుకుపోతుంది. ఆ తర్వాత హైపో (బ్లీచ్ ద్రావణం), సిట్రిక్ యాసిడ్ కడుగుళ్ళే కడుగుళ్ళు.

రేపు పొద్దున ఎనిమిదింటికి కిందికెళ్ళి చూడండి. ఈ ట్యాంకు నుంచి ప్లాంటుకు మురుగు తోడే ఫీడ్ పంపులు రెండూ తిరుగుతున్నాయా? దొరికిపోయారు! వాడని సంపు ఉంటే దాన్ని ఈక్వలైజేషన్ ట్యాంకుకు కలపండి. అడుగున గాలి మాత్రం తప్పనిసరి, లేకపోతే మురుగు కుళ్ళి హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. శుభ్రం చేయాలని అందులోకి మనిషిని దింపారో, ప్రాణం పోతుంది. బ్యాక్‌వాష్‌ని మధ్యాహ్నం రెండు గంటలకు మార్చండి. ఫీడ్ లైన్ నుంచి ట్యాంకుకే ఒక రిటర్న్ లైన్ వేసి, వాల్వ్‌తో గంటకు 3 వేల దగ్గర కట్టడి చేయండి.

ఇక కొత్త కొటేషన్ పట్టుకుని ఎవరైనా వస్తే, ఈక్వలైజేషన్ ఎన్ని గంటల నిల్వ అని మొదట అడగండి. ఆరు గంటల లోపంటే టీ తాగించి పంపించేయండి.