చుక్క గుర్తు పెట్టిన గడి: డేటా ఎంట్రీ ఫారాల్లో తప్పనిసరి వివరాలను సరిచూడటం

సభలోని పెద్దలకు, డేటా ఎంట్రీ పనిలో ఉన్న మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

మన ఊళ్ళలో ఒక తరం వారి పుట్టినరోజులు చూస్తే ఒక వింత కనిపిస్తుంది. పదో తరగతి సర్టిఫికెట్ల ప్రకారం వారిలో చాలామంది జూన్, జూలై నెలల్లోనే పుట్టారు. కారణం మీకు తెలిసిందే. పిల్లవాణ్ణి బడికి తీసుకువెళ్ళిన తండ్రికి "పెద్ద గాలివాన వచ్చిన ఏడు, కోతల రోజుల్లో పుట్టాడు" అన్నంతవరకే తెలుసు. పంతులుగారి ముందున్న అడ్మిషన్ రిజిస్టరులో మాత్రం పుట్టిన తేదీ గడి ఖాళీగా ఉండటానికి వీల్లేదు. బడి తెరిచే నెల నుంచి ఐదేళ్ళు వెనక్కి లెక్కగట్టి ఆయన ఒక తేదీ వేశారు. యాభై ఏళ్ళు దాటిన తరవాత ఆ పిల్లవాడి పదవీ విరమణ తేదీని నిర్ణయించింది కూడా ఆ అంకెలే. పంతులుగారిది తప్పని నేననను. రిజిస్టరు ఒక ప్రశ్న వేసింది, జవాబు రాయనిదే చేర్చుకోనంది, "తెలియదు" అని రాయడానికి చోటు ఇవ్వలేదు. అటువంటప్పుడు ఎవరైనా చేసేది అదే.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ రిజిస్టరు వారసుల గురించి, అంటే డేటాబేసులోకి వివరాలు ఎక్కించే ఫారాల గురించి, వాటిలో ఎర్ర చుక్క పెట్టి "తప్పనిసరి" అని మనం ప్రకటించే గడుల గురించి. ఇందులో రెండు పనులున్నాయి. ఖాళీగా వదిలిన గడిని పట్టుకోవడం ఒకటి. ఏ గడిని ఖాళీగా వదలనివ్వకూడదో నిర్ణయించుకోవడం రెండోది. మొదటిది నేర్చుకుంటే వచ్చే పని. రెండోదాన్ని చాలామంది పనిగానే లెక్కపెట్టరు.

కొన్నేళ్ళ క్రితం ఒక చిన్న ఆసుపత్రికి ఓపీ చీటీలు రాసే ఫారం తయారుచేసి ఇచ్చాను. మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేసు ప్రోగ్రాములో చేసిన సాదా ఫారం: పేరు, వయసు, లింగం, ఊరు, మొబైల్ నంబరు, చూడవలసిన డాక్టరు. ఆరు గడులకూ ఆరు చుక్కలు. పేరు గడి ఖాళీగా ఉంటే హెచ్చరిక రావాలని ఆ గడికి ఉండే "బిఫోర్ అప్‌డేట్" అనే సంఘటనలో, అంటే గడిలోని మార్పు నమోదయ్యే ముందు జరిగేదానిలో, నాలుగు వరుసల కోడ్ రాశాను, నేనే పరీక్షించాను, హెచ్చరిక వచ్చింది, సంతోషించాను. నెల తిరిగేసరికి టేబుల్లో, అంటే వివరాలు నిలవ ఉండే పట్టికలో, పేరు లేని రికార్డులు కుప్పగా కనిపించాయి.

ఎందుకో తెలుసుకోవడానికి ఒక పూట కౌంటరు దగ్గర కూర్చోవలసి వచ్చింది. నేను పరీక్షించేటప్పుడు పేరు టైపు చేసి, దాన్ని చెరిపేసి, ముందుకు వెళ్ళాను. గడిలోని విలువ మారింది కాబట్టి ఆ సంఘటన జరిగింది, నా కోడ్ పనిచేసింది. కౌంటరులోని అమ్మాయి అలా చేయదు. రద్దీ ఉన్నప్పుడు మౌసుతో నేరుగా వయసు గడి మీద నొక్కి మొదలుపెడుతుంది. ముట్టని గడిలో ఏ మార్పూ జరగదు, మార్పు జరగని గడికి "బిఫోర్ అప్‌డేట్" ఎప్పుడూ రాదు. అంటే నేను పెట్టిన కాపలావాడు గుమ్మం దాటినవాణ్ణే తనిఖీ చేస్తున్నాడు. అసలు ఇంట్లోకే రానివాడు అతని లెక్కలో లేడు. మనం పట్టుకోవాలనుకున్నది రానివాణ్ణే కదా!

సరైన చోటు గడి కాదు, ఫారం. యాక్సెస్‌లో ఫారానికీ ఒక "బిఫోర్ అప్‌డేట్" ఉంది. రికార్డు టేబుల్లోకి వెళ్ళే ముందు అది ఒక్కసారి తప్పకుండా జరుగుతుంది, ఏ గడిని ముట్టారు, ఏ గడిని ముట్టలేదు అన్నదానితో దానికి నిమిత్తం లేదు. తప్పనిసరి గడులన్నిటినీ అక్కడ వరసగా చూసి, లోపం ఉంటే "క్యాన్సిల్" విలువను ట్రూ చేస్తే రికార్డు సేవ్ కాకుండా ఆగిపోతుంది. ఇంతకంటే ముందే టేబుల్ డిజైనులో ఆ ఫీల్డుకు "రిక్వైర్డ్" అన్న గుణాన్ని ఎస్ అని పెట్టి ఉంటే, కోడ్ రాయకపోయినా యాక్సెస్ 3314 నంబరు దోషం చూపి ఆపేది. కాకపోతే అది ఇంగ్లీషులో, టేబుల్లోని ఫీల్డు పేరుతో చెబుతుంది; కౌంటరులో కూర్చున్నవారికి ఆ పేరు అర్థం కావాలని లేదు. అందుకే టేబుల్లో గుణం, ఫారంలో మన మాటల్లో హెచ్చరిక, రెండూ ఉండాలని నా అభిప్రాయం.

ఇక్కడ "ఖాళీ" అన్న మాటను కొంచెం విప్పి చూడాలి, ఎందుకంటే డేటాబేసులో ఖాళీలు ఒకే రకం కావు. ఏమీ రాయని గడిలో ఉండేది నల్. రాసి చెరిపేసిన గడిలోనో, వేరే ప్రోగ్రాము నుంచి వచ్చిన రికార్డులోనో ఒక్క అక్షరమూ లేని అక్షరాల వరస ఉండవచ్చు, అంటే పొడవు సున్నా ఉన్న స్ట్రింగు. కంటికి రెండూ ఒకటే. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసుల్లో ఇవి వేరువేరు; ఒరాకిల్‌లో మాత్రం సున్నా పొడవు స్ట్రింగును నల్‌గానే లెక్కిస్తారు. కాబట్టి ఒరాకిల్ మీద ఏళ్ళ తరబడి చక్కగా పనిచేసిన "నాట్ నల్" (నల్ ఉండకూడదు) నిబంధన, డేటాబేసు మార్చిన రోజున చడీచప్పుడు లేకుండా బలహీనపడుతుంది. యాక్సెస్‌లో దీనికోసం "అలౌ జీరో లెంగ్త్" అనే మరో గుణం ఉంది. దాన్ని నో అని పెట్టకపోతే రిక్వైర్డ్ అన్నది సగం పనే చేస్తుంది.

నల్‌ను నల్‌తో పోల్చకూడదన్నది కొత్తవారు మొదట తగులుకునే రాయి. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970లో, వివరాలను పట్టికలుగా అమర్చే రిలేషనల్ నమూనాను ప్రతిపాదించారు. లేని సమాచారాన్ని ఒక పద్ధతి ప్రకారం సూచించాలన్నది 1985లో ఆయన ప్రకటించిన నియమాల్లో మూడోది. దాని వెనక ఉన్న తర్కంలో అవును, కాదు అనే రెండింటితో పాటు "చెప్పలేం" అనే మూడో జవాబు ఉంది. వయసు తెలియని మనిషి పద్దెనిమిదేళ్ళు దాటాడా అంటే అవునూ కాదు, కాదూ కాదు. తెలియని రెండు వయసులు సమానమా అన్నా అదే జవాబు. అందుచేత "పేరు ఈజ్ ఈక్వల్ టు నల్" అని రాసిన పరీక్ష ఏనాడూ నెగ్గదు. "ఈజ్ నల్" అనే అడగాలి. యాక్సెస్ కోడ్‌లో ఈ గొడవంతా తప్పించుకోవడానికి అనుభవజ్ఞులు వాడే చిట్కా ఒకటుంది: గడి విలువకు ఒక సున్నా పొడవు స్ట్రింగును అతికించి, వచ్చినదాని పొడవు సున్నానా అని చూడటం. నల్ అయినా, ఉత్త స్ట్రింగు అయినా ఒకే దెబ్బకు దొరుకుతాయి.

వెబ్ ఫారాల్లో ఇంకో ఖాళీ ఉంది: స్పేస్ బారు. వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్‌లో "రిక్వైర్డ్" అని పెట్టిన గడిలో రెండు స్పేసులు కొడితే బ్రౌజరు తృప్తి పడిపోతుంది. అటూ ఇటూ ఉన్న స్పేసులను ట్రిమ్ చేసి, మిగిలింది ఏమైనా ఉందా అని మనమే చూడాలి. బ్రౌజరులో జరిగే తనిఖీ నింపేవారి సౌకర్యం కోసమే తప్ప డేటాబేసు రక్షణ కోసం కాదు, దాన్ని దాటి నేరుగా సర్వరుకు వివరాలు పంపడం ఏమాత్రం తెలిసినవారికైనా తేలిక.

ఫారం ఎంత గట్టిదైనా పెరటి దారి ఒకటి ఉంటుంది. మా ఆసుపత్రి విషయంలో ఆ దారి ఎక్సెల్ షీటు: కరెంటు పోయిన రోజున కాగితం మీద రాసుకున్నవి మర్నాడు ఎక్సెల్‌లో కొట్టి నేరుగా టేబుల్లోకి దించేవారు. ఫారంలోని కోడ్ వాటిని చూడనే చూడదు. అందువల్ల చివరి కాపలా టేబుల్లోనే ఉండాలి. అయితే టేబుల్ మీద కూడా గుడ్డి నమ్మకం పనికిరాదు. మైఎస్‌క్యూఎల్ "చెక్" నిబంధనలను, అంటే విలువ ఫలానా విధంగా ఉండాలని చెప్పేవాటిని, చాలాకాలం పాటు చదివి, దోషం చూపకుండా, పక్కన పడేసేది. 2019లో వచ్చిన 8.0.16 వెర్షన్ నుంచే వాటిని నిజంగా అమలు చేస్తోంది. తప్పు విలువను తిరస్కరించే స్ట్రిక్ట్ మోడ్ లేని పాత అమరికల్లో నాట్ నల్ కాలమ్‌కు విలువ ఇవ్వకపోతే తనంతట తానే సున్నానో, ఉత్త స్ట్రింగునో వేసుకుని ఊరుకునేది. 5.7 వెర్షన్ నుంచి స్ట్రిక్ట్ మోడ్ సహజ అమరిక అయింది. ఇక ఏ డేటాబేసులోనైనా "వయసు సున్నా కంటే ఎక్కువ ఉండాలి" అన్న చెక్ నిబంధన నల్‌ను ఆపదు, ఎందుకంటే చెక్ "కాదు" అన్నప్పుడే అడ్డుపడుతుంది, "చెప్పలేం" అంటే దారి ఇచ్చేస్తుంది. నాట్ నల్‌ను విడిగా రాయవలసిందే.

హెచ్చరిక ఎలా ఉండాలన్నదాని మీద ఎక్కువ సేపు తీసుకోను. దోషాలన్నీ ఒకేసారి చూపండి, ఒకటి సరిచేశాక ఇంకొకటి బయటపెట్టకండి. కర్సరును మొదటి లోపం దగ్గర నిలపండి. ఎరుపు రంగు ఒక్కటే గుర్తుగా పెట్టకండి, రంగులు పోల్చుకోలేనివారు ఉంటారు. అప్పటిదాకా నింపినదాన్ని మాత్రం చెరిపేయకండి. అది చేసే ఫారాన్ని నేను ఇంతవరకూ క్షమించలేదు.

ఇప్పుడు రెండో పనికి వస్తాను. ఫారం స్థాయిలో కోడ్ మార్చి, టేబుల్లో గుణాలు పెట్టి, ఎక్సెల్ దారిని కూడా కట్టేసిన తరవాత ఆ ఆసుపత్రి టేబుల్లో ఖాళీ అన్నది లేకుండా పోయింది. దానికి బదులు వరసగా పది తొమ్మిదులు ఉన్న మొబైల్ నంబర్లు వచ్చాయి. పేరు గడిలో ఒక ఫుల్‌స్టాప్, ఊరు గడిలో ఒక ఎక్స్, వయసు గడిలో సున్నా. వయసు తెలియని వృద్ధురాలు సున్నా పుణ్యమా అని పురిటి పిల్లల లెక్కలో చేరింది. నల్ ఉండి ఉంటే సగటు వయసు కట్టేటప్పుడు డేటాబేసు ఆ రికార్డును పక్కన పెట్టేది. సున్నాను నిజమని నమ్మి కలుపుకుంది. ముందు నా టేబుల్ అసంపూర్ణంగా ఉండేది, అసంపూర్ణమని దానికీ తెలుసు, నాకూ తెలుసు. నేను బాగుచేశాక అది నిండుగా ఉంది, అబద్ధం చెబుతోంది.

రోడ్డు ప్రమాదంలో స్పృహ తప్పినవాణ్ణి తీసుకొచ్చినప్పుడు పేరేమిటని అడిగితే ఎవరు చెబుతారు? ఫోను లేని ముసలమ్మ దగ్గర ఏ నంబరు తీసుకోవాలి? ఆధార్ నమోదులో సైతం మొబైల్ నంబరు ఐచ్ఛికమే. పుట్టిన తేదీకి రుజువు ఉందా, నోటిమాటేనా, ఉజ్జాయింపా అన్నది విడిగా గుర్తించే ఏర్పాటు కూడా ఆ ఫారంలో చేశారు. నిజానికి కాడ్ కూడా తరవాతి రోజుల్లో ఒకే నల్ చాలదని, ఉండవలసింది తెలియకపోవడానికీ అసలు వర్తించకపోవడానికీ వేరువేరు గుర్తులు కావాలని ప్రతిపాదించారు. డేటాబేసులతో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్ ఆ బాట పట్టలేదు కానీ ఫారం చేసే మనల్ని ఎవరూ అడ్డుకోలేదు. మొబైల్ గడి పక్కన "ఫోను లేదు", "చెప్పలేదు" అని రెండు ఎంపికలు పెట్టి, నంబరైనా ఉండాలి, కారణమైనా ఉండాలి అని నిబంధన రాయవచ్చు. వయసు, పుట్టిన తేదీ విషయంలోనూ అంతే, రెండింటిలో ఒకటి చాలు. ఇలాంటి నిబంధనలు ఒక గడికి చెందవు, రికార్డు మొత్తానికి చెందుతాయి. ఫారం స్థాయిలో తనిఖీ చేయాలని ఇందాక అన్నదానికి ఇదీ ఒక కారణం.

పేరు దగ్గర మన తెలుగువాళ్ళకు ప్రత్యేకమైన బాధ ఒకటుంది. మన ఇంటిపేరు ముందు వస్తుంది, తరచూ ఒక్క అక్షరానికి కుదించుకుపోతుంది, కొందరి పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. అలాంటి పాస్‌పోర్టుతో అమెరికా వీసాకు వెళితే మొదటి పేరు స్థానంలో "ఎఫ్‌ఎన్‌యూ" అని పడుతుంది, మొదటి పేరు తెలియదు అన్నదానికి పొడి అక్షరాలు. ఆ మూడు అక్షరాలే పేరుగా స్థిరపడిపోయి, బ్యాంకు కాగితాల్లో అలాగే పలకరింపులు అందుకున్నవారు మనవాళ్ళలో ఉన్నారు. 2022 నవంబరు నుంచి యూఏఈ, పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవారిని విజిట్ వీసాల మీద అనుమతించనంది. ఒక గడిని తప్పనిసరి చేసినవారు ఎక్కడో ఉన్నారు. దాన్ని నింపలేక విమానాశ్రయంలో నిలబడేవారు ఇంకెక్కడో ఉన్నారు.

ఖాళీ స్థానంలో ఏదో ఒక మాట వేసేస్తే ఏమవుతుందో తెలియడానికి అమెరికాలోని కాలిఫోర్నియా ఉదంతం ఒకటి చెబుతాను. కంప్యూటరు భద్రతా రంగంలో పనిచేసే ఒకాయన సరదాకు తన కారు నంబరు ప్లేటు మీద "నల్" అనే అక్షరాలు కోరి తీసుకున్నాడు. నంబరు నమోదు కాని బండ్ల జరిమానాలన్నీ ఆయన చిరునామాకు రావడం మొదలైంది, మొత్తం 12 వేల డాలర్లు దాటింది. 2019లో ఒక సమావేశంలో ఆయనే ఈ కథ చెప్పుకున్నాడు.

అవసరం లేని చోట చుక్క పెట్టడం ఇప్పుడు చట్టం దృష్టిలోనూ తేలిక విషయం కాదు. బిల్లు ఇవ్వడానికి మొబైల్ నంబరు కోసం పట్టుబట్టవద్దని 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దుకాణదారులకు సూచించింది. అదే ఏడాది వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టం, సమ్మతి అన్నది చెప్పిన పనికి అవసరమైన వివరాలకే పరిమితమని అంటుంది.

ఆ ఓపీ ఫారంలో ఇప్పుడు ఆరు చుక్కలకు రెండే మిగిలాయి: లింగం, చూడవలసిన డాక్టరు. పేరుకు "తెలియదు" అనే ఎంపిక ఉంది, దాన్ని నొక్కితే ఒక తాత్కాలిక నంబరు పుడుతుంది. బంధువులు వచ్చాక ఆ నంబరు మీద పేరు ఎక్కిస్తారు. ఇంకా పేరు ఎక్కని రికార్డుల జాబితా రోజూ సాయంత్రం డ్యూటీ నర్సు ముందు తెరుచుకుంటుంది. పది తొమ్మిదులు మళ్ళీ కనిపించలేదు. ఆ ఫారం నకలు ఒకటి, రోగుల వివరాలేవీ లేకుండా, ఈ లాప్‌టాప్‌లో ఉంది. తెర మీద చూపిస్తాను. పేరు గడిని ముట్టకుండా సేవ్ నొక్కడానికి మీలో ఒకరు ముందుకు రండి.