మన ఫోన్ మాట టవర్‌కు వినపడాలి

సభకు నమస్కారం.

మొబైల్ నెట్‌వర్క్‌లు ఎలా మారుతూ వచ్చాయో చెప్పమని మీ విభాగం వాళ్లు అడిగారు. 2జీ, 4జీ, 5జీ అనగానే అందరికీ గుర్తొచ్చేది వేగం. సినిమా ఎన్ని నిమిషాల్లో డౌన్‌లోడ్ అవుతుందన్నదే లెక్క. నేను ఈ పూట ప్రమాణాల గురించి మాట్లాడతాను. ఫోనూ టవరూ ఏ తరంగాల మీద, ఏ వరుసలో, ఎంత పవర్‌తో మాట్లాడుకోవాలో రాసిపెట్టిన పత్రాలవి. వాటిని రాసే బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారో, వాళ్ల మనసులో ఏ ఊరు ఉందో, దాని ఫలితం ఇరవై ముప్పై ఏళ్ల పాటు అందరమూ అనుభవిస్తాం.

మొదటి తరాన్ని త్వరగా దాటేస్తాను, అది మన జనం చేతికి రాలేదు. 1979లో టోక్యో, 1981లో నార్డిక్ దేశాలు, 1983లో చికాగో. అంతా అనలాగ్. ఐరోపాలో చాలాచోట్ల సరిహద్దు దాటితే ఫోన్ పనిచేసేది కాదు. ఆ చిక్కు తీర్చుకోవడానికే ఐరోపా దేశాలు కలిసి జీఎస్‌ఎం అనే 2జీ ప్రమాణాన్ని రాసుకున్నాయి. 1991 జూలై 1న ఫిన్లాండ్‌లో తొలి కాల్ వెళ్లింది. మాటను అంకెలుగా మార్చి, 200 కిలోహెర్ట్జ్ వెడల్పున్న ఒక్కో తరంగాల పాయను (క్యారియర్‌ను) ఎనిమిది టైమ్ స్లాట్లుగా పంచారు. నాలుగేళ్లకు, 1995 జూలై 31న, పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు కలకత్తా నుంచి ఢిల్లీలో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్ రామ్‌తో మాట్లాడారు. మన దేశంలో మొబైల్ అలా మొదలైంది.

జీఎస్‌ఎంలో ఒక చిన్న భాగం దగ్గర కాస్త ఆగాలి. అది ఎస్సెమ్మెస్. కాల్ కలపడానికి, ఫోన్ ఎక్కడుందో తెలుసుకోవడానికి వాడే సిగ్నలింగ్ ఛానల్‌లో మిగిలిన ఖాళీలోనే ఈ సందేశాలను పంపారు. ఒక్కో సందేశానికి దొరికిన చోటు 140 బైట్లు. ఒక్కో అక్షరానికి ఏడు బిట్లు చొప్పున వేసుకుంటే 160 అక్షరాలు. జర్మన్ ఇంజనీర్ ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ 1985లో మామూలు వాక్యాలు టైపు చేసి చూసుకుని 160 సరిపోతుందని తేల్చారు. సరిపోయింది, ఆయన భాషకు. తెలుగు ఆ ఏడు బిట్ల పట్టికలో లేదు. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో పంపాలంటే ఒక్కో సంకేతానికి పదహారు బిట్లు పడతాయి. అంటే 160 కాస్తా 70కి పడిపోయింది. ఆ 70 కూడా మనం లెక్కపెట్టే అక్షరాలు కావు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికి ఆరు స్థానాలు కావాలి: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. రెండు వాక్యాలు రాసేసరికి రెండు మెసేజ్‌ల డబ్బు. తెలుగు అక్షరాలున్న ఫోన్లే అరుదైన ఆ రోజుల్లో జనం ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసుకున్నారంటే, కారణాల్లో ఇదీ ఒకటి. తరువాత అదే ప్రమాణంలో తెలుగుతో సహా పది భారతీయ భాషలకు పట్టికలు చేరాయి. అప్పటికి చాలా ఆలస్యమైంది. ఎవరూ మనకు అన్యాయం చేయాలనుకోలేదు. ఆ బల్ల దగ్గర తెలుగు రాసేవాళ్లు లేరు, అంతే.

డేటా కథ జీపీఆర్‌ఎస్‌తో మొదలవుతుంది. ఫోన్ కాల్‌లో ఇద్దరూ మౌనంగా ఉన్నా లైన్ వాళ్లకే కేటాయించి ఉంటుంది. జీపీఆర్‌ఎస్ సమాచారాన్ని ప్యాకెట్లుగా ముక్కలు చేసి, అవసరమైనప్పుడే గాలిలోకి పంపింది. నెట్‌వర్క్ మొత్తాన్నీ మార్చిన ఆలోచన అది. తరువాత ఎడ్జ్ వచ్చింది, ఫోన్ మీద ‘ఈ’ గుర్తు కనిపించేది. ఈలోగా సీడీఎంఏ శిబిరం వేరే ఉంది. అందరూ ఒకే ఫ్రీక్వెన్సీలో ఒకేసారి మాట్లాడితే, కోడ్‌ను బట్టి ఎవరి మాట వాళ్లకు విడదీసే పద్ధతి. సాంకేతికంగా గొప్పది. కానీ ఆ నెట్‌వర్క్ ఫోన్ జీఎస్‌ఎంలో పనికిరాదు, దీని ఫోన్ అందులో పనికిరాదు. రెండు ప్రమాణాల దేశంలో ఆ ఖర్చు కొనుక్కునేవాడి మీద పడింది. ఇది గుర్తుంచుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

3జీ స్పెక్ట్రమ్‌కు, అంటే అది వాడుకునే తరంగాలకు, 2010లో మన దేశంలో 34 రోజుల వేలం జరిగింది, ప్రభుత్వానికి 67 వేల కోట్ల రూపాయలకు పైగా వచ్చింది. 4జీ, అంటే ఎల్‌టీఈ, 2009 డిసెంబర్‌లో స్టాక్‌హోమ్, ఓస్లోలలో మొదలై 2012లో కోల్‌కతాకు వచ్చింది. స్పెక్ట్రమ్‌ను 15 కిలోహెర్ట్జ్ సన్నని పాయలుగా చీల్చి వాడటం దాని బలం. మాట కూడా డేటాగా మారిపోయింది. 2016లో జియో 2జీ, 3జీ ఏవీ లేకుండా నేరుగా ఎల్‌టీఈతో దిగగలిగిందంటే అందుకే. సీడీఎంఏ వాళ్లు కూడా ఎల్‌టీఈకే రావడంతో ప్రపంచానికి ఒకే ప్రమాణం మిగిలింది.

ఇక 5జీ. నేను చెప్పాలనుకున్న అసలు సంగతి ఇక్కడుంది.

ఈ హాల్లో నా చేతిలో మైకు ఉంది. చివరి వరుసలో ఉన్నవాళ్లకు నా మాట వినిపిస్తుంది. వాళ్ల దగ్గర మైకు లేదు, వాళ్లడిగే ప్రశ్న నాకు వినపడదు. టవరుకూ ఫోనుకూ మధ్య ఉన్నది ఇదే. టవర్ మీది రేడియో పదుల వాట్లతో పంపుతుంది. మన ఫోన్ పంపేది సాధారణంగా 200 మిల్లీవాట్లు, అంటే వాట్‌లో ఐదో వంతు. స్క్రీన్ మీద కనిపించే గీతలు టవర్ మాట మన ఫోన్‌కు ఎంత బాగా వినిపిస్తోందో మాత్రమే చెబుతాయి. మన మాట టవర్‌కు చేరుతోందా లేదా అన్నది ఆ గీతల్లో ఉండదు. ఊరి పొలిమేరలో రెండు గీతలున్నా ఫొటో వెళ్లకపోవడానికి ఇది పెద్ద కారణం. పైగా మన 5జీలో ఎక్కువ భాగం 3300 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల నడుస్తుంది, ఆ తరంగాలు దూరం పోవు.

5జీ అనిపించుకోవాలంటే ఏ పరీక్షలు నెగ్గాలో ఐక్యరాజ్యసమితికి చెందిన టెలికాం సంస్థ ఐటీయూ నిర్ణయిస్తుంది. అందులో ‘గ్రామీణ’ పరీక్ష ఉంది. టవర్ల మధ్య దూరం సుమారు 1.7 కిలోమీటర్లు, వాడేవాళ్లలో సగం మంది కార్లలో గంటకు 120 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటారు. ఇది ఏ ఊరు? హైవే పక్కన ఉన్న పాశ్చాత్య దేశపు పల్లె. మన దగ్గర ఫైబర్ పంచాయతీ దాకా వస్తుంది, టవర్ అక్కడుంటుంది. చుట్టూ ఉన్న ఊళ్లు కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉంటాయి, జనం నడుస్తూనో కూర్చునో ఉంటారు. భారత టెలికాం ప్రమాణాల సంస్థ టీఎస్‌డీఎస్‌ఐ ద్వారా మనవాళ్లు ఈ మాటే వాదించారు. టవర్ల మధ్య ఆరు కిలోమీటర్లు, ఎక్కువమందిది నడక వేగం అన్న పరీక్షను 2017లో ఐటీయూ తప్పనిసరి చేసింది.

పరీక్ష పెట్టించి ఊరుకోలేదు. సంగారెడ్డి జిల్లా కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్‌లో ప్రొఫెసర్ కిరణ్ కూచి బృందం పై బై టూ బీపీఎస్‌కే అనే తరంగ రూపం మీద పనిచేసింది. మామూలు సిగ్నల్ ఎగుడుదిగుడుగా ఉంటుంది. దాని శిఖరాల కోసం ఫోన్‌లో సిగ్నల్ బలం పెంచే యాంప్లిఫయర్ తన శక్తిలో కొంత ఎప్పుడూ ఖాళీగా ఉంచుకోవాలి. సిగ్నల్ ఎత్తును దాదాపు సమం చేస్తే ఆ ఖాళీ అక్కర్లేదు. అదే ఫోన్ 200కు బదులు 400 మిల్లీవాట్లతో పంపగలదు. టవర్‌కు పైసా ఖర్చు లేకుండా ఊరి చివర మాట రెండింతల బలంతో చేరుతుంది. ఈ పనిని తలచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది.

వీటితో తయారైన 5జీఐ ప్రమాణాన్ని ఐటీయూ 2021లో గుర్తించింది. వేరే ప్రమాణమైతే ఫోన్ల ఖరీదు పెరుగుతుందని మన ఆపరేటర్లు అభ్యంతరం చెప్పారు. చివరికి అది అంతర్జాతీయ మొబైల్ ప్రమాణాల కూటమి 3జీపీపీ రాసే ప్రమాణం 17వ విడుదలలో కలిసిపోయింది. కలపడమే సరైన పని అని నా అభిప్రాయం, సీడీఎంఏ నాటి ఖర్చు మళ్లీ జనం మోయకూడదు. అయితే ఒక లోటు మిగిలింది. ఆ రెట్టింపు పవర్ సదుపాయం ప్రమాణంలో ఐచ్ఛికం. చిప్ తయారీదారు పెడితేనే ఉంటుంది. ఆపరేటర్లు, ప్రభుత్వం అడిగి పెట్టించాలి.

6జీకి ఐటీయూ రూపురేఖలను 2023లో ఆమోదించింది. ఈసారి అన్ని చోట్లకూ కనెక్టివిటీ అన్నది అందులో ఒక లక్ష్యంగానే ఉంది. దాన్ని అంకెల్లోకి తెచ్చేది మాత్రం పరీక్షల పత్రాలు. మీలో ప్రాజెక్టు వెతుక్కుంటున్నవాళ్లు పాడేరు వైపు గానీ ఏటూరునాగారం వైపు గానీ వెళ్లండి. వానాకాలం నిండా ఆకులున్న అడవిలో ఒకసారి, ఆకు రాలాక ఒకసారి, ఫోన్ నుంచి టవర్‌కు వెళ్లే సిగ్నల్‌ను కొలవండి. గీతలున్నా మాట వెళ్లని చోట్లు నమోదు చేయండి. ఆ కొలతలను టీఎస్‌డీఎస్‌ఐ ముందు పెట్టే పత్రంగా ఎలా రాయాలో మీకు నేర్పడానికి నేను సిద్ధం. ఇక మీ ప్రశ్నలు అడగండి, చివరి వరుసకు మైకు పంపిస్తున్నాను.