రెండు పేర్ల స్టేషను: ఏప్రిల్‌లో ఆల్ప్స్ ప్రయాణం

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ వారం అతిథి కోసం ఎక్కడా వెతకలేదు, మా బాబాయే. పిన్నితో కలిసి పోయిన ఏప్రిల్లో ఇటలీలోని వెనిస్ నుంచి ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ మీదుగా జర్మనీలోని మ్యూనిక్ దాకా రైళ్లలో తిరిగొచ్చారు. బాబాయ్, ఏప్రిలే ఎందుకు?

బాబాయి: నేను మే అన్నాను. మే నెలంతా ఊళ్లు తిరిగితే ఆవకాయ ఎప్పుడు పెడతామంది మీ పిన్ని. ఆల్ప్స్ కొండలు ఎక్కడికీ పోవుగానీ మామిడికాయలు మన కోసం ఆగవు కదా.

వ్యాఖ్యాత: (నవ్వు) అయితే ఏప్రిల్ చివరి వారమా?

బాబాయి: అక్కడే దెబ్బ తిన్నాను. డోలమైట్స్‌లో, అంటే ఇటలీ వైపు ఆల్ప్స్ కొండల్లో, ఒక లోయ ఊళ్లో రెండు రాత్రులకు గది తీసుకున్నాను. పొద్దున్నే కేబుల్ కారు దగ్గరికి వెళ్తే బోర్డు మీద రెండు మాటలున్నాయి: 'కియూజో', 'గెష్లోసెన్'. ఆ ప్రాంతంలో ప్రతి ఊరికీ ఒక ఇటాలియన్ పేరు, ఒక జర్మన్ పేరు ఉంటాయి. బోల్జానోనే బోట్సెన్ అంటారు. ఈ స్టేషనుకూ రెండు పేర్లున్నాయి కాబోలనుకున్నాను!

వ్యాఖ్యాత: రెండింటికీ అర్థం...

బాబాయి: 'మూసివేశాం' అని. మీ పిన్ని ఫోనులో చూసి చెప్పింది. మంచు ఆటల సీజను అయిపోయాక, ఎండాకాలపు నడకలు మొదలయ్యేలోగా అక్కడ చాలా కేబుల్ కార్లు ఆపేస్తారు. మరమ్మతులు అప్పుడే చేసుకుంటారు. పై దారుల్లో మంచు ఇంకా కరగదు, కింద సగం హోటళ్లు తెరవరు. తేదీలు ముందే చూసుకోకపోవడం నా తప్పే.

వ్యాఖ్యాత: మరి కొండలు చూడనేలేదా?

బాబాయి: చూశాం, మనుషులు కాపురముండే కొండల్ని. బోల్జానో ఊరు సముద్రమట్టానికి 260 మీటర్లే. అక్కడి నుంచి రెనోన్ కేబుల్ కారు పన్నెండు నిమిషాల్లో 1,200 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. పాలు, కూరగాయల సంచులతో ఊరివాళ్లు ఎక్కుతారు కాబట్టి నెలల తరబడి మూయరు. పైన 1907 నాటి చిన్న రైలుంది. దాని కిటికీలోంచి చూస్తే ఎదురుగా మంచు శిఖరాలు, కింద లోయలో ఆపిల్ తోటలు తెల్లగా పూసి ఉన్నాయి.

వ్యాఖ్యాత: బోల్జానోలో ఆ మంచు మనిషిని చూశారా?

బాబాయి: ఓట్జీ! 1991లో హిమానీనదం కరుగుతుంటే బయటపడ్డాడు. దాదాపు 5,300 ఏళ్ల నాటి మనిషి శవం. అక్కడి మ్యూజియంలో రెండు జానల కిటికీలోంచి చూడాలి. లోపల మైనస్ 6 డిగ్రీలు, ఒంటి మీద పల్చని మంచు పొర మెరుస్తుంటుంది. ఎడమ భుజంలో బాణపు ములికి ఉందట. 'ఎవరు కొట్టారో పాపం' అని మీ పిన్ని అక్కడే నిలబడిపోయింది. వెరోనాలో రోమన్ అరేనాకు కూడా అంతసేపు కేటాయించలేదు.

వ్యాఖ్యాత: మళ్లీ వెళ్తే ఏం మారుస్తారు?

బాబాయి: వరస మార్చను. వెనిస్‌లో దిగడం, మ్యూనిక్‌లో విమానమెక్కడం బాగుంది. వెనకటి దారిలో మళ్లీ రానక్కర్లేదు, రోజులు గడిచేకొద్దీ కొండల్లో చలి కాస్త తగ్గుతుంది. 1,370 మీటర్ల ఎత్తున ఇటలీ, ఆస్ట్రియా సరిహద్దులోని బ్రెన్నర్ కనుమను రైలే దాటిస్తుంది. కానీ ఏప్రిల్ 25న మాత్రం వెనిస్‌లో ఉండను. ఇటలీకి విమోచన దినం, ఆ ఊరికి సెయింట్ మార్క్ పండుగ. వంతెనల మీద మన బ్రహ్మోత్సవాల క్యూలే.

వ్యాఖ్యాత: వీసా సంగతి?

బాబాయి: ఎక్కువ రాత్రులు ఉండే దేశానికి దరఖాస్తు పెట్టాలి, మాకు ఇటలీ. ఆరు నెలల ముందు నుంచే ఇవ్వవచ్చు. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. గదులు ఖాయం చేసుకునే ముందే రోజులు లెక్కపెట్టుకో.

వ్యాఖ్యాత: ఇంతకీ ఆవకాయ?

బాబాయి: మే మొదటి వారంలో దిగాం. సూట్‌కేసు విప్పకముందే నన్ను మామిడికాయల మార్కెట్టుకు పంపింది. వెళ్లేసరికి షట్టరు దించి ఉంది. ఈసారి బోర్డు తెలుగులోనే ఉందిలే, చదవగలిగాను.