చెక్కు వెనక షరతులు

మిత్రులారా, నమస్కారం. డబ్బు ఇచ్చేవాళ్లూ, ఆ డబ్బుతో సంస్థలు నడిపేవాళ్లూ ఇద్దరూ ఇక్కడ ఉన్నారు. మామూలుగా ఈ ఇద్దరూ ఒకరి ముందు ఒకరు నిజం మాట్లాడుకోరు. ఇచ్చేవాళ్లకు ఆ అవసరం కనిపించదు, పుచ్చుకునేవాళ్లకు ధైర్యం చాలదు. అందుకే ఈరోజు డబ్బు సంగతి పక్కన పెట్టి, దాని వెనక వచ్చే షరతుల గురించి మాట్లాడతాను. ఒక వాడ మారేదీ మారనిదీ ఎక్కువగా అక్కడే తేలిపోతుంది.

అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరానికి మేయరుగా చేసిన బ్రయన్ ములన్ఫీ 1851లో చనిపోయారు. ఆస్తిలో మూడో వంతును ఒకే ఒక పనికి రాసిపెట్టారు. పశ్చిమ ప్రాంతాల్లో స్థిరపడాలని ఆ ఊరి మీదుగా వెళ్లే పేద వలస జనానికి సాయం చేయాలి. ఆ రోజుల్లో అది ఎంతో సబబైన ఆలోచన. తర్వాత రైళ్లొచ్చాయి, బండ్లు కట్టుకుని పోయే వలస తగ్గిపోయింది. డబ్బు మాత్రం వీలునామాలోని వాక్యానికి కట్టుబడి ఉండిపోయింది. ఊళ్లో కొత్త కష్టాలు ఎన్ని పుట్టుకొచ్చినా, కోర్టు ఒప్పుకోనిదే దాన్ని వాటికి మళ్లించే దారి లేదు.

ఈ చిక్కుకు విరుగుడు ఆలోచించిన మనిషి క్లీవ్‌లాండ్‌లో బ్యాంకు నడిపిన న్యాయవాది ఫ్రెడరిక్ గాఫ్. 1914లో ఆయన మొదలుపెట్టిన క్లీవ్‌లాండ్ ఫౌండేషన్ ప్రపంచంలో మొదటి కమ్యూనిటీ ఫౌండేషన్. పద్ధతి సులువైనదే. చాలామంది దాతల సొమ్ము ఒక నిధిగా చేరుతుంది. పెట్టుబడి వ్యవహారం బ్యాంకు చూస్తుంది. పంపిణీ మాత్రం వేరే కమిటీ చేస్తుంది. దాత చెప్పిన ప్రయోజనానికి కాలం చెల్లితే దాన్ని మార్చే అధికారం కూడా ఉంటుంది. అయితే ఆ కమిటీలో కొందరిని బ్యాంకు, మిగిలినవారిని మేయరు, న్యాయమూర్తులు నియమించేవారు. ఎవరి కోసం ఆ డబ్బు ఖర్చవుతుందో వాళ్లు ఎన్నుకునే సీటు అందులో లేదు. చనిపోయిన దాత పట్టు సడలింది గానీ, పగ్గాలు ఊరి పెద్దల చేతుల్లోకి వెళ్లాయి.

ఆ సీటు కోసం గట్టిగా గొడవపడిన చోటు బోస్టన్‌లోని డడ్లీ స్ట్రీట్ అనే పేద వాడ. 1980ల నాటికి అక్కడ పదమూడు వందలకు పైగా ఖాళీ స్థలాలు. తగలబెట్టిన ఇళ్లు, బయటి వాళ్లు తెచ్చి పడేసే చెత్త. విరాళాలిచ్చే రైలీ ఫౌండేషన్ ముందుకొచ్చి, సంస్థలన్నిటినీ కూడగట్టి ఒక పాలకమండలి ప్రతిపాదించింది. 1985లో బహిరంగ సభ పెడితే స్థానికులు లేచి ఒకటే ప్రశ్న అడిగారు: మా వాడ గురించి నిర్ణయించే బోర్డులో మాకు ఈ కాసిని సీట్లేనా? ఫౌండేషన్ అలిగి వెళ్లిపోలేదు. నిజానికి ఆ కథలో నాకు అన్నిటికంటే విలువైనది ఇదే. బోర్డు నిర్మాణం తిరగరాశారు. వాడ జనానికి మెజారిటీ వచ్చింది. అక్కడున్న నాలుగు ప్రధాన వర్గాలకు, వాళ్ల జనాభా ఎంతైనా, సమానంగా సీట్లు కేటాయించారు. 1988లో, ఆ వాడ నడిబొడ్డున యజమానులు వదిలేసిన ఖాళీ స్థలాలను సేకరించే అధికారాన్ని నగరపాలక యంత్రాంగం నుంచి సంపాదించారు. అమెరికాలో ఒక వాడ సంస్థకు అలాంటి అధికారం దక్కడం అదే మొదలు. ఆ భూమిని ఉమ్మడి ట్రస్టు కింద పెట్టారు. దాని మీద కట్టిన ఇళ్లు చేతులు మారినా, ధర పరిమితి దాటకుండా ఒప్పందంలో రాసుకున్నారు. బాగుపడ్డ వాడ నుంచి పేదవాళ్లే ఖాళీ చేయాల్సిన దుస్థితికి అడ్డుకట్ట అది.

సరే, కమిటీలో స్థానికులకు సీట్లిచ్చాం అనుకుందాం. అంతటితో పని అయిపోదు, ఇబ్బందులు మొదలయ్యేది అక్కడే. తొమ్మిది మంది కమిటీ అయితే ఐదుగురు వాడవాళ్లు ఉండాలి, రెండేళ్ల పదవీకాలం, ఏటా దాదాపు సగం మంది మారాలి. లేకపోతే ప్రతి సభకూ పిలిచే ఆ నలుగురే ఇక్కడా కూర్చుంటారు. సమావేశానికి వచ్చిన గంటలకు డబ్బు ఇవ్వాలి. జీతం మీద వచ్చే అధికారి పక్కన, ఆ పూట కూలి వదులుకుని వచ్చిన మనిషిని ఊరికే కూర్చోబెట్టి దాన్ని భాగస్వామ్యం అనకూడదు. కాగితాలు వారం ముందే, వాళ్లు చదివే భాషలో, ఒక్కో దరఖాస్తుకు రెండు పేజీలకు మించకుండా అందాలి. మార్కులు ఎవరికి వారు ముందే వేసి ఇచ్చాకే చర్చ జరగాలి. ఎందుకంటే మొదట నోరు తెరిచినవాళ్ల అభిప్రాయం వైపే మిగతావాళ్లు జరుగుతారు. తమ బంధువుకో తమ సంస్థకో చెందిన దరఖాస్తు వచ్చినప్పుడు ఓటు వేయకుండా ఊరుకుంటే చాలదు, గది బయటికి వెళ్లాలి. చట్టపరమైన కారణం ఉంటే తప్ప ఈ కమిటీ నిర్ణయాన్ని పై బోర్డు కొట్టేయదని రాతలో ఉండాలి. ఇక తరచుగా జరిగే తప్పు ఇంకొకటి ఉంది. ఎవరినీ నొప్పించకూడదని ఉన్న డబ్బును అందరికీ తలా కొంచెం పంచేస్తారు. గొడవ ఉండదు, ఫలితమూ ఉండదు. కనీస గ్రాంటు ఇంత అని ముందే నిర్ణయించుకుంటే ఆ ప్రలోభం తగ్గుతుంది.

ఇక ఇంకో షరతు: మీరు సగం తెస్తే మేం సగం ఇస్తాం. దీన్ని దాతలు చాలా ఇష్టపడతారు. సియర్స్ కంపెనీ అధినేత జూలియస్ రోజెన్‌వాల్డ్, నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్‌తో కలిసి 1912 ప్రాంతంలో మొదలుపెట్టిన బడుల కార్యక్రమం ఇలాంటిదే. 1932 నాటికి అమెరికా దక్షిణాదిలోని 15 రాష్ట్రాల్లో నల్లజాతి పిల్లల కోసం దాదాపు 5 వేల బడులు లేచాయి. మొత్తం ఖర్చు సుమారు 2.8 కోట్ల డాలర్లు. అందులో రోజెన్‌వాల్డ్ వైపు నుంచి వచ్చింది 44 లక్షల లోపే. నల్లజాతి కుటుంబాలు సొంతంగా పోగుచేసి ఇచ్చింది 47 లక్షలు, అంటే దాత కంటే ఎక్కువ. దాదాపు 1.8 కోట్లు పన్నుల డబ్బు.

ఈ లెక్కను రెండు వైపుల నుంచి చదవాలి. చిన్న విరాళం పెద్ద ప్రభుత్వ నిధిని కదిలించింది. స్థానిక దాతృత్వం చేయగలిగిన అత్యుత్తమమైన పని బహుశా అదే. వీధి దీపాలు, బడులు, మురుగు కాలువలు విరాళాలతో ఎప్పటికీ తీరవు. వాటికి బడ్జెట్టు కావాలి. బడ్జెట్టు సమావేశానికి వాడవాళ్లు లెక్కలతో వెళ్లేలా చేసే ఒక మనిషి జీతం, నాలుగు కంప్యూటర్ల కంటే ఎక్కువ పని చేస్తుంది. కానీ రెండో వైపు చూడండి. ఆ కుటుంబాలు అప్పటికే పన్ను కడుతున్నాయి. తెల్లవాళ్ల బడికి పన్నులతోనే దొరికేదాని కోసం వీళ్లు చేతి డబ్బు మళ్లీ కట్టారు. వాటా తేగలిగిన వాడకే గ్రాంటు దక్కితే, అసలు లేనివాళ్లు వరసలో ఎప్పుడూ చివరే. వాటా అడగాలనుకుంటే స్థోమతను బట్టి అడగండి. ఒకరికి సగం, ఒకరికి పదో వంతు, ఒకరికి సున్నా.

ఇక ఓవర్‌హెడ్ ఖర్చులు, అంటే సంస్థ నడవడానికి అయ్యే పరోక్ష ఖర్చులు. ఇక్కడ కూడికలు తీసివేతలు చేయక తప్పదు. ఒక ప్రాజెక్టుకు నేరుగా అయ్యే ఖర్చు 80 అనుకోండి. అద్దె, అకౌంటెంటు, ఆడిట్, డైరెక్టరు సమయంలో దీని వంతు కలిపి మరో 20. అసలు ఖర్చు 100. దాత మాత్రం ఆ 80 ఇచ్చి, ఓవర్‌హెడ్ కింద దాని మీద 10 శాతమే ఇస్తానంటాడు, అంటే 8. మిగిలిన 12 ఎక్కడిది? డైరెక్టరు జీతం మానుకుంటుంది, అకౌంటెంటు సగం రోజు ఉద్యోగి అవుతాడు, కంప్యూటరు పదేళ్లు వాడతారు. ఇలాంటి గ్రాంట్లు ఐదు వస్తే లోటు 60. గ్రాంటు వచ్చిన ప్రతిసారీ సంస్థ ఇంకాస్త పేదదైపోతుంది, వార్షిక నివేదికలో మాత్రం ఎదుగుతున్నట్టు కనిపిస్తుంది! సొంత రేటు తేల్చుకోని సంస్థలకు తాను అనుమతించే పరోక్ష ఖర్చును అమెరికా ఫెడరల్ ప్రభుత్వం కూడా 2024 అక్టోబరు నుంచి 10 శాతం నుంచి 15కు పెంచింది. సంస్థలు నడిపేవాళ్లకు నా మాట ఇదీ: మీ అసలు రేటు ఎంతో ఏడాదికోసారి లెక్కగట్టి, ప్రతి దరఖాస్తులో ఆ అంకె రాయండి. ఇవ్వకపోయినా రాయండి. దాచినంత కాలం దాతకు అది తెలియదు.

ముందు ఖర్చు పెట్టండి, బిల్లులు పంపితే తర్వాత ఇస్తాం అనే పద్ధతి ఇంకా నిశ్శబ్దంగా హాని చేస్తుంది. మూడు నెలల ఖర్చు బ్యాంకులో ఉన్న సంస్థ దాన్ని తట్టుకుంటుంది. వాడలో పుట్టిన చిన్న సంస్థ జీతాలు ఆపుకుని, రెండో నెలలో చేతులెత్తేస్తుంది. చిన్నవాళ్లు అర్హులు కారని ఎక్కడా రాయక్కర్లేదు, ఈ ఒక్క నిబంధనే వాళ్లను ఏరి పారేస్తుంది. సంతకం రోజునే మూడు నాలుగు నెలలకు సరిపడా మొదటి విడత ఇవ్వడం దీనికి మందు. చిన్న మొత్తానికి నలభై పేజీల దరఖాస్తు అడగడం కూడా ఈ కోవలోదే. దరఖాస్తు, నివేదికలు, తనిఖీల మీద పోయిన గంటలకు జీతం లెక్కకట్టి గ్రాంటులోంచి తీసేయండి. ఏమీ మిగలని సందర్భాలుంటాయి.

ఫలితాలు కొలిచే దగ్గర సగటు అనేది బాగా మోసం చేస్తుంది. ఒక ప్రాంతంలో వెయ్యి మంది పిల్లలు, బడి హాజరు 90 శాతం. వినడానికి బాగుంది. విడదీసి చూస్తే తొమ్మిది వందల మందిలో 95 శాతం వస్తున్నారు, అంటే 855. మిగిలిన వంద మందిలో వచ్చేది 45 మందే. ఇప్పుడొక కార్యక్రమం పెట్టి, అందుబాటులో ఉన్నవాళ్లనే ఇంకాస్త కదిలించి 95ను 97 చేశారనుకోండి. మొత్తం హాజరు 91.8కి పెరుగుతుంది. దాత సంతోషిస్తాడు. రెండు వర్గాల మధ్య దూరం మాత్రం 50 నుంచి 52కు పెరిగింది. సమన్యాయం పేరు మీద తీసుకున్న డబ్బు అసమానతను పెంచిందన్నమాట. కాబట్టి లక్ష్యం రాసేటప్పుడే రెండు అంకెలు రాయండి: మొత్తం ఎంత పెరగాలి, మధ్య దూరం ఎంత తగ్గాలి. ఒక గుంపులో పది మంది కంటే తక్కువ ఉంటే ఆ అంకెను బయటపెట్టకండి, మనిషిని గుర్తుపట్టేస్తారు.

చివరగా, వెళ్లిపోయే తీరు. ఏ దాతా ఎప్పటికీ ఉండడు, ఉండాలని ఆశించడమూ సరికాదు. కానీ మార్చిలో ఫోన్ చేసి ఏప్రిల్ నుంచి లేదనడం వేరు. కనీసం పద్దెనిమిది నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. ఆఖరి ఏడాది మొత్తాన్ని ఒక్కసారిగా సున్నా చేయకుండా సగానికి దించాలి. అందులో కొంత భాగం నిల్వ నిధికి పెట్టుకోవచ్చని ఒప్పుకోవాలి. ప్రాజెక్టు డబ్బుతో కొన్న వాహనం, భవనం, సేకరించిన సమాచారం ఎవరి పేరిట ఉండాలో మొదటి ఒప్పందంలోనే తేల్చుకోవాలి. ఆఖరి నెలలో తేల్చుకుందాం అంటే, బేరమాడే బలం అప్పటికి ఒక్క వైపే ఉంటుంది.