పెన్‌డ్రైవ్‌కి ఏ ఫార్మాట్? అది చివరికి ఎక్కడ పెడతారో చెప్పండి

నమస్కారం అండి. పెళ్లి వీడియో, ఒక్క ఫైలే 7 జీబీ. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న 64 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ కొడితే, ఫైల్ మరీ పెద్దదంటూ ఆగిపోయింది. ఖాళీ చూస్తే 50 జీబీకి పైనే ఉంది! ఇది చూసి డ్రైవ్ నకిలీదేమో అని షాపుకు పరిగెత్తకండి. ముందు డ్రైవ్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ చూడండి. ఫైల్ సిస్టమ్ (డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చుకునే పద్ధతి) అన్నచోట ఫ్యాట్32 అని ఉంటే విషయం అదే.

ఫ్యాట్32 ప్రతి ఫైల్‌కీ చిట్టాలో 32 బైట్ల వరుస ఒకటి రాసుకుంటుంది. ఆ వరుసలో ఫైల్ సైజుకు కేటాయించిన గడి 4 బైట్లే. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 4,29,49,67,295. అంటే 4 జీబీకి ఒక్క బైట్ తక్కువ. డ్రైవ్ 64 అయినా 256 అయినా ఆ గడి పెరగదు. ఈ పద్ధతి 1996లో విండోస్ 95తో వచ్చింది, అప్పట్లో ఇంట్లో కంప్యూటర్ హార్డ్‌డిస్కే ఒకటి రెండు జీబీలు.

అయినా ఫ్యాట్32ని తీసిపారేయకండి. కారు స్టీరియో, పాత హోమ్ థియేటర్, పాత టీవీ చాలావరకు దీన్నే చదువుతాయి. పాటల కోసమైతే కళ్లు మూసుకుని ఇదే పెట్టండి. విండోస్ ఫార్మాట్ విండోలో 32 జీబీ దాటిన డ్రైవ్‌కి ఈ ఆప్షన్ కనిపించకపోతే, రూఫస్ అనే ఫార్మాట్ సాఫ్ట్‌వేర్‌తో చేసుకోవచ్చు. అందులో పార్టిషన్ స్కీమ్ (డ్రైవ్‌లోని భాగాల వివరం రాసుకునే పద్ధతి) మాత్రం పాతదైన ఎంబీఆర్ ఉంచండి. కొత్తదైన జీపీటీ పెడితే చాలా స్టీరియోలు డ్రైవ్‌నే గుర్తించవు.

ల్యాప్‌టాప్, మ్యాక్, కొత్త టీవీల మధ్య తిరిగే డ్రైవ్‌కి నా ఓటు ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్‌కే. 4 జీబీ గొడవ లేదు. మైక్రోసాఫ్ట్ 2019లో దీని వివరాలు బయటపెట్టింది, లినక్స్ కెర్నల్‌లోకీ (ఆ సిస్టమ్ గుండెకాయ) 5.4 వెర్షన్ నుంచి వచ్చేసింది. డేటా పక్కకు తీసుకుని, రైట్ క్లిక్, ఫార్మాట్, ఎక్స్‌ఫ్యాట్, క్విక్ ఫార్మాట్ టిక్, స్టార్ట్. అంతే.

అక్కడే అలొకేషన్ యూనిట్ సైజ్ (ఒక ఫైల్‌కి కేటాయించే అతి చిన్న చోటు) అని ఒకటుంటుంది, దాన్ని ఒకసారి చూడండి. 64 జీబీ డ్రైవ్‌కి విండోస్ మామూలుగా 128 కేబీ పెడుతుంది. అంటే 5 కేబీ ఫైల్ కూడా 128 కేబీ చోటు తినేస్తుంది. అలాంటివి 10,000 ఉంటే అసలు డేటా 50 ఎంబీ కూడా ఉండదు, డ్రైవ్‌లో పోయేది 1.2 జీబీ. వీడియోలకైతే 128 ఉంచండి. ప్రాజెక్ట్ కోడ్, చిన్నచిన్న ఫైళ్లు మోసేవాళ్లు 32 కేబీ పెట్టుకోండి, లేదా జిప్ చేసి వేసుకోండి.

విండోస్ సొంత ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ సంగతి? డ్రైవ్ విండోస్ దాటి వెళ్లదంటే మంచిదే. చేసే మార్పుల్ని ముందు లాగ్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో లాగేసినా చిట్టా చెదిరే అవకాశం తక్కువ. మ్యాక్ మాత్రం చదువుతుందే గానీ, మామూలుగా అందులో రాయదు. పైగా డేటా చెరగకుండా ఫ్యాట్32ని ఎన్‌టీఎఫ్‌ఎస్ చేయడానికి విండోస్‌లోనే కన్వర్ట్ కమాండ్ ఉంది. ఎక్స్‌ఫ్యాట్‌లోకి అలా మార్చే దారి విండోస్‌లో లేదు, ఫార్మాట్ కొట్టాల్సిందే.

ఎక్స్‌ఫ్యాట్ వాడేవాళ్లకి ఇంకొక్క మాట. దానికి ఎన్‌టీఎఫ్‌ఎస్‌లా లాగ్ లేదు. ఫ్యాట్32 మామూలుగా ఫ్యాట్ టేబుల్‌ని (ఏ ఫైల్ ఏయే ముక్కల్లో ఉందో రాసుకునే పట్టిక) రెండు కాపీలు ఉంచుకుంటుంది, ఎక్స్‌ఫ్యాట్‌కి సాధారణంగా ఒక్కటే. జిరాక్స్ షాపులో తొందరపడి కాపీ అవుతుండగా పీకారా, ఫోల్డర్ మొత్తం కనిపించకుండా పోవచ్చు. ఎజెక్ట్ కొట్టి తీయండి. ఇప్పటికే అలా అయిపోయి ఉంటే, కొత్తగా ఏమీ రాయకుండా ముందు రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ఫైళ్లు బయటికి లాగి, ఆ తర్వాతే డ్రైవ్ తప్పులు సరిచేసే విండోస్ కమాండ్ చెక్‌డిస్క్‌ని స్లాష్ ఎఫ్‌తో (chkdsk /f) నడపండి.