మల్కిభరాముడు ఎవరు?

శ్రోతలకు నమస్కారం.

మా మనవరాలు ఏడో తరగతి. మొన్నొక రాత్రి భోజనాలయ్యాక సాంఘిక శాస్త్రం పుస్తకం ఒళ్ళో పెట్టుకుని గోల్కొండ సుల్తానుల పేర్లు వల్లె వేస్తోంది. కళ్ళు మూసుకుని, కాళ్ళు ఊపుతూ, "ఇబ్రహీం కులీ కుతుబ్ షా, 1550 నుంచి 1580" అని. పరీక్షకు అంతవరకు చాలు. సంవత్సరం తప్పితే మార్కు పోతుంది. ఆ మనిషి ఎలాంటివాడో తెలియకపోతే పోయేదేమీ లేదు.

"ఈయనకు తెలుగంటే ప్రాణం, తెలుసా?" అన్నాను. ఊపుతున్న కాళ్ళు ఆగాయి.

అన్నకు భయపడి పారిపోయిన ఇబ్రహీం ఏడేళ్ళు విజయనగరంలో తలదాచుకున్నాడు. ఆశ్రయమిచ్చినవాడు అళియ రామరాయలు. తెలుగు రుచి అక్కడే తగిలింది. గోల్కొండ గద్దె ఎక్కాక తెలుగు కవులను చేరదీశాడు. అద్దంకి గంగాధరకవి తన 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన కొలువులోని అమీన్ ఖాన్‌కు పొన్నిగంటి తెలగన 'యయాతి చరిత్ర' అంకితమిచ్చాడు. అది మొట్టమొదటి అచ్చతెలుగు కావ్యం. సంస్కృతం నుంచి నేరుగా వచ్చిన తత్సమాలు లేని ఆ తెలుగును ముచ్చటపడి అందుకున్నది మన పటాన్‌చెరు ప్రభువు అమీన్ ఖానే!

ఇంతవరకు కథ బాగానే నడిచింది. తరవాత 1565 వచ్చింది. రాక్షసి తంగడి యుద్ధంలో రామరాయల మీదికి కదిలిన సుల్తానులలో మన ఇబ్రహీం కూడా ఉన్నాడు.

"అన్నం పెట్టిన ఇంటి మీదికా?" అంది పిల్ల.

రాజ్యాల లెక్కలు వేరమ్మా అని ఏదో గొణిగాను. నలభై మార్కుల ప్రశ్నపత్రంలో ఆ ప్రశ్నకు చోటుండదు గానీ, నాకైతే ఆ రాత్రి నిద్ర పట్టనిచ్చింది కాదు.

2018 చట్టం పుణ్యమా అని తెలంగాణలో ఇంగ్లీషు మాధ్యమం పిల్లలూ తెలుగు చదువుతున్నారు. సంతోషమే. కానీ రెండో పీరియడులో తెలుగు, నాలుగో పీరియడులో సాంఘికం. మధ్యలో గంట మోగుతుంది. ఆ గంటతో ఈ పుస్తకంలోని మనిషికీ ఆ పుస్తకంలోని మనిషికీ చుట్టరికం తెగిపోతుంది. 1578లో ఆ ఇబ్రహీం కాలంలోనే కట్టిన పురానాపూల్ మీదుగా ఎన్నిసార్లు వెళ్ళామో! ఒక్కసారైనా చెప్పానా? తప్పు బడిదే కాదు, నాదీ ఉంది.

కవులు ఆయనను ఇబ్రహీం అనలేదని కూడా ఆ రాత్రే చెప్పాను. మాలిక్ ఇబ్రహీం వాళ్ళ నోట మల్కిభరాముడయ్యాడు. పిల్ల ఆ పేరు రెండు మూడుసార్లు పలికి చూసింది. "చివర రాముడొచ్చాడు తాతయ్యా!" అని నవ్వింది. ఆ వారం తెలుగులో ఇత్వ సంధి జరుగుతోందట. ఏమి, అంటివి కలిస్తే ఏమంటివి. గబగబా సంచిలోంచి తెలుగు నోటుపుస్తకం తీసి, ఇంటిపనిలో అడిగిన ఐదు ఉదాహరణల కింద ఆరోది రాసింది: మల్కి + ఇభరాముడు = మల్కిభరాముడు.

మర్నాడు సాయంత్రం ఆ పుస్తకం తెచ్చి చూపించింది. ఆరింటికీ టిక్కు పడింది. ఆరోదాని పక్కన ఎర్రసిరాతో, "ఈయన ఎవరు?" అని ఉంది.

తెల్లారి తెలుగు పీరియడుకు సాంఘిక శాస్త్రం పుస్తకం పట్టుకుపోయింది.