క్లిప్పు పీకేయండి

పెద్దలకు నమస్కారం. వందనాలు ఇప్పటికే శానా అయినాయి, నేరుగా విషయానికి వస్తా: కారు సీటు బెల్టు.

1994 దాకా మన దేశంలో కార్ల ముందు సీట్లకు బెల్టు ఉండి తీరాలన్న నిబంధనే లేదు. ఆ కాలంలో కడప, రాయచోటి పక్క పదహారు, పదిహేడేళ్ల పిల్లోళ్లు బండ్లు ఎట్లా తోలినారో మీ నాయనలకు తెలుసు. అంబాసిడర్‌లో ముందర అడ్డంగా ఒకటే సీటు. డ్రైవరుకు కుడిపక్క కూడా ఒకడు ఇరుక్కునేవాడు. ఇంక స్టీరింగు తిప్పేదానికి మోచేతికి చోటెక్కడ? జీపు వెనక కడ్డీ పట్టుకొని ఇద్దరు ముగ్గురు వేలాడేవాళ్లు.

అన్నింటికన్నా చెడ్డది, గువ్వలచెరువు ఘాట్‌లో న్యూట్రల్ వేసి దిగడం. పెట్రోలు మిగుల్తుందని కొందరు ఇంజను కూడా ఆపేవాళ్లు. గేరు తీసేస్తే ఇంజను బండిని పట్టి ఉంచదు, భారమంతా బ్రేకుల మీదే. చక్రాల్లోని బ్రేకు డ్రమ్ములు కాలి, వాటిని రాసి ఆపే లైనింగు పట్టు వదిలేస్తుంది. బ్రేకు తొక్కడానికి సాయపడే బూస్టరున్న బండిలో ఇంజను ఆపితే రెండు మూడు తొక్కుళ్లకే దానికి బలమిచ్చే వాక్యూమ్ అయిపోయి పెడల్ రాయి మాదిరి బిగుసుకుంటుంది. తాళంచెవి బయటికి లాగితే స్టీరింగూ లాకైపోతుంది. ఎక్కేటప్పుడు ఏ గేరు పడుతుందో దిగేటప్పుడూ ఆ గేరులోనే దిగాలి. ఇప్పటికీ న్యూట్రల్‌లో దిగేవాళ్లున్నారు!

ఇంకా కొన్ని చెప్దామనుకున్నా గానీ, నా కడుపు మండేది వేరే దానికి. అప్పుడు బెల్టు లేదు, పెట్టుకోలేదు. ఇప్పుడు బెల్టుండీ, అలారం మోగకుండా బెల్టు లేని ఉత్త క్లిప్పు కొని, బెల్టు బిగించే బకిల్‌లో గుచ్చుతున్నారు! 2023లో వాటిని అమ్మొద్దని ఆన్‌లైన్ అంగళ్లకు కేంద్రం ఆదేశాలిచ్చింది. అమ్మేవాళ్ల సంగతి సరే, గుచ్చేది మనమే కదప్పా?

గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. కారు గుద్దుకొని ఆగినా ఒళ్లు ఆగదు, అదే వేగంతో ముందుకు పోతుంది. 14 మీటర్ల ఎత్తు నుంచి పడితే నేలను తాకేదీ ఆ వేగంతోనే. ఎయిర్‌బ్యాగుంది కదా అంటారు. అది కన్ను మూసి తెరిచేలోపు ఉబ్బుతుంది. బెల్టు లేక ముందుకు వాలినోళ్ల మొహాన్ని అదే కొడుతుంది. అమ్మలారా, మీ ఇంటి కారులో ఆ క్లిప్పుంటే ఈ రాత్రికే పీకి పారేయండి. పారేస్తామని చేతులెత్తండి, చూస్తాను.

మంచిది. ఇప్పుడు పెట్టుకునే పద్ధతి. కింది పట్టీ పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద పడాలి. గర్భిణులకు పొట్ట కిందుగా. పై పట్టీ భుజం మీదుగా, రొమ్ము నడిమిగా రావాలి, చంక కింద నుంచి కాదు. మెలి పడకూడదు. చేత్తో ఒక్కసారి గట్టిగా గుంజండి, ఠక్కున ఆగాలి. ఆగకపోతే బెల్టు చుట్టుకునే రీలు పోయినట్లే, మార్పించాలి. పెద్ద గుద్దుడు తగిలిన బెల్టును బాగా కనిపించినా మళ్లీ వాడొద్దు. వెనక సీట్లో బకిల్ సందులో కూరుకుపోయి ఉంటుంది, రండి, బయట కారుంది, ఎట్లా పైకి తీయాలో చూపిస్తా.